దీపావళి ఎండ, లేక్ ఫోర్క్ నీళ్లు

టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ జలాశయానికి వెళ్తూ, గ్రీన్‌విల్‌లో 30వ నంబరు హైవే దిగి, 69 మీద ఎమరీ వైపు తిరిగేసరికి తెల్లవారుజామున ఐదున్నర. కారులో ఏసీ ఆడుతూనే ఉంది. చేపల వేటకి వెళ్లేవాడికి చెడ్డ సూచన అదే. అక్టోబరు చివరి వారం, ఇళ్లలో దీపావళి ప్రమిదలు ఇంకా తీయలేదు, డల్లాస్‌లో చూస్తే మధ్యాహ్నం 91 డిగ్రీలు, అంటే మన లెక్కలో 33. ఈ రోజుల్లో తెల్లారి పడవెక్కాలంటే స్వెట్టర్ ఉండాలి. నేను పొట్టిచేతుల చొక్కా మీద ఉన్నాను.

గైడ్‌కి రోజుకి ఆరు వందల డాలర్లు, టిప్పు అదనం. వాతావరణం బాగోలేదని రద్దు చేస్తే అడ్వాన్సు పోతుంది. ఎండ కాయడం వాళ్ల దృష్టిలో బాగోలేకపోవడం కాదు. ఆకివీడు దగ్గర చేపల చెరువులు చేసే మా బావమరిది చుట్టపుచూపుగా వచ్చాడు, అతనికి ఒక్కరోజు లైసెన్సు పదహారు డాలర్లు. నాకు మంచినీళ్ల వేట లైసెన్సు ముప్ఫై. అది ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో చెల్లిపోతుంది. పాతది జేబులో పెట్టుకుని సెప్టెంబరు తర్వాత వచ్చి జరిమానా కట్టేవాళ్లు ఏటా కొందరుంటారు.

లేక్ ఫోర్క్ సుమారు 27 వేల ఎకరాల జలాశయం. సబీన్ నదిలో కలిసే ఒక వాగుకి 1980 నాటికి ఆనకట్ట కట్టారు. ముంపు ప్రాంతంలో చెట్లు చాలావరకు నరక్కుండా వదిలేశారు కాబట్టి ఇప్పటికీ నీళ్లలోంచి ఎండు మోళ్లు లేచి ఉంటాయి. గుర్తులు పెట్టిన పడవ దారి తప్పితే ప్రొపెల్లర్ మీద ఆశ వదులుకోవాలి. టెక్సస్ రాష్ట్ర రికార్డు లార్జ్‌మౌత్ బాస్, అంటే మేం వెతికే పెద్దనోటి వేటచేప, ఇక్కడిదే: 18.18 పౌండ్లు, ఎనిమిది కిలోల పైన, 1992 జనవరిలో. పట్టినాయన బాస్ కోసం రాలేదట. చిరుచేప ఎర వేసుకుని క్రాపీ అనే చిన్న చేపల కోసం కూర్చున్నాడు. పన్నెండు గాలం కర్రలు, మూడు పెట్టెల ఎరలు మోసుకొచ్చే మాలాంటివాళ్లకి ఇది కొంచెం మంట పుట్టించే సంగతి.

పడవ దింపగానే చూడాల్సింది తెరమీద నీటి వేడి. 77, అంటే 25 సెంటీగ్రేడ్. మామూలుగా ఈపాటికి 60ల చివర్లో ఉండాలి. గైడ్ దాన్ని చూశాడు, చూసి కూడా "అక్టోబరు కదా, షాడ్ క్రీకుల చివరికి చేరి ఉంటుంది" అన్నాడు. క్యాలెండరు ప్రకారం ఆ మాట తప్పు కాదు. పొద్దు తగ్గి, నీళ్లు 80ల నుంచి 60లకి దిగుతుంటే షాడ్ అనే వెండిరంగు చిరుచేపలు గుంపులుగా పెద్ద నీళ్లు వదిలి వాగు పాయల్లోకి, రెండు మూడడుగుల లోతుకి వెళ్తాయి. బాస్ వాటి వెనకాలే. అప్పుడు అర ఔన్సు లిప్‌లెస్ క్రాంక్‌బైట్ అనే చేప ఆకారపు ఎర విసిరి వేగంగా చుట్టుకోవడమే పని. కానీ 77లో షాడ్‌కి ఆ తొందర ఉండదు. పొద్దు తగ్గిందని కొన్ని కదులుతాయి, గుంపు మాత్రం కదలదు.

మూడు గంటలు పాయలోనే పోయాయి. ముప్పాతిక ఔన్సు లోపు ఎరలన్నీ తిప్పాం: తెల్ల స్పిన్నర్‌బైట్, స్క్వేర్‌బిల్, మోడుల మొదట్లో టెక్సస్ రిగ్‌కి గుచ్చిన ప్లాస్టిక్ వానపాము. దొరికినవి అరచెయ్యంత పిల్లలు రెండు. నీళ్లు గోధుమ రంగు టీలా ఉన్నాయి, పైన నురుగు, అడుగునుంచి లేచిన కుళ్లు ఆకులు. బావమరిది వంగి ఓ దోసెడు తీసి వాసన చూశాడు.

"ఇది మా చెరువు తెల్లారగట్ల వాసనండీ బావగారూ. నీళ్లు తిరగబడ్డాయి. ఇక్కడ చేప మేత ముట్టదు."

గైడ్‌కి తర్జుమా చేసి చెప్పాను. ఒప్పుకోవడానికి మరో పావుగంట పట్టింది.

వేసవంతా ఇలాంటి లోతైన నీళ్లు రెండు పొరలుగా ఉంటాయి. పైన వెచ్చని, తేలికైన, ఆక్సిజన్ ఉన్న పొర. కింద చల్లని, బరువైన, ఆక్సిజన్ అయిపోయిన పొర. మధ్య గీత థర్మోక్లైన్. కింద పొరలో రాలిన ఆకు కుళ్లి కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. శరత్తులో పైనీళ్లు చల్లబడి బరువెక్కితే, గాలి తోడై రెండూ కలిసిపోతాయి. మెల్లగా జరిగితే వారం పదిరోజుల్లో అంతా సర్దుకుంటుంది. ఈసారి జరిగింది వేరు. నెల మధ్యలో నాలుగు రోజులు తొందరపడి చలి వచ్చింది. పాయల్లాంటి చిన్న నీళ్లు త్వరగా చల్లబడి కలిసిపోయాయి. వెంటనే మళ్లీ ఎండలు. పెద్ద నీళ్లలో గీత కాస్త కిందికి దిగిందేగానీ చెదరలేదు. అంటే పాయల్లో కలగాపులగం, బయట ఇంకా ఆగస్టు. రెండింటి మధ్య చేపకి శరదృతువు ఎక్కడా లేదు.

ఆకివీడు, భీమవరం వైపు చెరువులు ఐదారు అడుగుల లోతే కాబట్టి పగలు ఏర్పడ్డ పొర రాత్రికి చెదిరిపోతుంది. దానికి తోడు నీటిలోని పాచి రాత్రంతా ఆక్సిజన్ పీల్చి, తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. శీలావతి, బొచ్చె తలలు పైకెత్తి నోళ్లు తెరుస్తాయి. "చేప తేలింది" అనగానే పరుగే. అక్కడ ఏ మబ్బురాత్రి అయినా వచ్చే గండం ఇక్కడ ఏడాదికి ఒక ఋతువులో వస్తుంది. కొర్రమీనుకి ఈ బాధ లేదు, పైకొచ్చి గాలి మింగుతుంది. గాలానికి కప్పని గుచ్చి దాన్ని పట్టినవాళ్లకి బాస్ పరిచయమైన జంతువులానే కనిపిస్తుంది: అదే పెద్ద నోరు, అదే మాటు, అదే ఒక్క ఉదుటు. కానీ బాస్‌కి మొప్పలే దిక్కు. ఆక్సిజన్ తగ్గిన చోటు వదిలి పోతుంది, పోలేకపోతే నోరు కట్టేసుకుని ఉంటుంది.

పదిన్నరకి పాయ వదిలి పెద్ద నీళ్లలోకి, ఒడ్డు నీటిలోకి నాలుకలా పొడుచుకొచ్చిన చోటుకి వెళ్లాం. చేపల జాడ చూపే సోనార్‌లో సెన్సిటివిటీ మామూలుకన్నా పెంచితే థర్మోక్లైన్ పొగమంచు చారలా కనిపిస్తుంది. ఇరవయ్యేడు అడుగుల దగ్గర కనిపించింది. దాని కింద ఒక్క చేప గుర్తు లేదు. పైన ఇరవై, ఇరవైరెండు దగ్గర చేపల వంపు గీతలు. అంటే ఆ నాలుక ఎక్కడ ఇరవై అడుగులకి దిగుతుందో అక్కడ గాలం నేలమీద ఉండాలి.

దీనికి కరోలినా రిగ్‌ని మించింది లేదు. ముప్పాతిక ఔన్సు టంగ్‌స్టన్ గుండు, దాని వెనక ఓ గాజుపూస, మెలి పడకుండా తిరిగే స్వివెల్, అక్కణ్ణుంచి లీడర్ అనే మూడడుగుల లైన్ ముక్క, చివర నాలుగు-సున్నా (4/0) సైజు హుక్కుకి ప్లాస్టిక్ పురుగు. గుండు పూసని కొట్టి టక్ టక్‌మంటుంది, పురుగు మాత్రం వెనకాల తేలుతూ వస్తుంది. పడవని ముప్ఫై అడుగుల్లో ఆపి, పద్నాలుగు అడుగుల మెరక మీదికి విసిరి పల్లానికి లాగాలి. కర్రని పైకి ఎత్తకూడదు, నడుం ఎత్తున పక్కకి తిప్పాలి. ఎత్తితే గుండు గెంతి చేప ముందునుంచి దాటిపోతుంది. గుండు ఇరవైయారు దాటిందంటే చచ్చిన నీళ్లలో ఉంది, చుట్టేసి మళ్లీ విసరడమే. చేప పట్టినప్పుడు ధడేల్మని ఏమీ ఉండదు. తడిగుడ్డ లాగుతున్నట్టు బరువు, అంతే. అప్పుడు పైకి కొట్టకుండా వదులు చుట్టేసుకుని పక్కకి గట్టిగా ఊడ్చాలి.

బావమరిది మొదటి గంటలో నాలుగు గుండ్లు మోళ్లకి సమర్పించాడు. ఒక్కోటి ఐదు డాలర్ల పైనే. ఇరుక్కున్నప్పుడు బలంగా లాగితే ఇంకా బిగుస్తుంది. లైన్ వదులు చేసి, చేత్తో వింటినారిలా లాగి వదిలితే గుండు వెనక్కి గెంతి చాలాసార్లు ఊడుతుంది. ప్రతి చేప తర్వాత లీడర్‌ని వేళ్ల మధ్య జరిపి చూసుకోవాలి, గరుగ్గా తగిలితే కోసి మళ్లీ కట్టాలి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపకపోతే ఫ్లోరోకార్బన్ లైన్ ఆ రాపిడి వేడికే బలం పోగొట్టుకుంటుంది.

మధ్యాహ్నం రెండు దాకా నాలుగు చేపలు. పదిహేడు, పందొమ్మిదిన్నర, ఇరవై, ఇరవయ్యొకటి అంగుళాలు. నోరు మూసి, తోక దగ్గరికి నొక్కి కొలవాలి. ఇక్కడ పదహారుకీ ఇరవైనాలుగుకీ మధ్య పొడుగున్న బాస్‌ని ఉంచుకోకూడదు. రోజుకి ఐదు, వాటిలో ఇరవైనాలుగు పైబడింది ఒక్కటే. మావన్నీ సరిగ్గా ఆ మధ్యలోనే. "పట్టి వదలడానికా ఆరు వందలు?" అన్నాడు బావమరిది, కళ్లలో పులుసు కనిపిస్తుండగా. అందులోనూ వెచ్చని నీళ్లలో వదలడానికి తొందర కావాలి. 25 సెంటీగ్రేడ్ నీటిలో లీటరుకి ఎనిమిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 15లో అయితే పది. సన్నలైన్‌తో పెనుగులాడించి అలసగొడితే ఆ చేప ఈదుకుంటూ వెళ్లి కూడా సాయంత్రానికి చస్తుంది. పదిహేను పౌండ్ల లైన్, గట్టి కర్ర, తడిచేతులు, కడుపు కింద ఆసరా, ఒక్క ఫొటో.

మూడింటికి దక్షిణపు గాలి ఆగిపోయింది. వాయవ్యంలో నేలని ఆనుకుని నీలినలుపు పట్టీ. బ్లూ నార్తర్ అంటారు దీన్ని ఇక్కడ. మొహం ముడుచుకుని ఉన్న గైడ్ ఒక్కసారి లేచి, "లోతు వదిలేయండి, పైకి విసరండి" అన్నాడు. ఈసారి అతని మాటే నిజమైంది. షాడ్ పైకి లేచి నీటిమీద వాన పడుతున్నట్టు చిటపటలాడింది, వాటి కింద బాస్. క్రోమ్ రంగు లిప్‌లెస్ అర ఔన్సు, విసిరిన చోటే తగులుతోంది. ఇరవైఐదు నిమిషాల్లో ఆరు చేపలు, పెద్దది ఇరవైరెండున్నర. పొద్దుటినుంచి తిన్న ఎండకి అంతా కలిపి ఇంతే పరిహారం.

తర్వాత గాలి తలుపు తోసినట్టు వచ్చింది. గంటకి ముప్ఫై మైళ్లు, తెల్లని అలలు, నలభై నిమిషాల్లో 91 కాస్తా 62. మోళ్ల మధ్యనుంచి అలల్లో వెళ్లేటప్పుడు వేగం పెంచకూడదు, ముక్కు పైకి పెట్టి అలకి ఏటవాలుగా పోవాలి. ఇంజిన్ ఆపే తాడు గైడ్ లైఫ్‌జాకెట్‌కి తగిలించుకున్నాడా లేదా అని చూసుకోవడం ప్రయాణికుడి పని కూడా. నడిపేవాడు ఆ తాడు తగిలించుకోవాలన్నది 2019 నుంచి టెక్సస్‌లో చట్టం.

రెండోరోజు సంగతి చెప్పడానికి ఏమీ లేదు. కడిగినట్టు నీలాకాశం, పెరిగిన పీడనం, మోడు వేళ్లకి అతుక్కుపోయిన చేపలు. మోటెల్ డబ్బులు దండగ.

ఆ మొదటిరోజు సాయంత్రం ఐదున్నరకి ఒడ్డెక్కి, చలికి ఒణుకుతూ కారు తాళాలు వెతుకుతున్నాను. బావమరిది టవల్ కప్పుకుని అప్పుడే ఫోన్‌లో ఉన్నాడు. ఆకివీడులో తెల్లవారుజామున నాలుగు. కాపలా కుర్రాణ్ణి నిద్ర లేపి అడుగుతున్నాడు: "మబ్బుగా ఉందా అక్కడ? ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా, ఫోన్ గట్టు మీదికి తీసుకెళ్లి శబ్దం వినిపించు."