టార్చ్ వెలిగింది, వారం పోయింది

నిన్న రాత్రి రెండున్నరకి ల్యాబ్‌లో ఎలుకల రూమ్‌లో ఉన్నా, మసక ఎర్ర బల్బు తప్ప అంతా చీకటి, ఎలుకలు చక్రాలెక్కి గరగరా పరిగెడుతున్నాయ్, ఇంతలో ఫోన్ మోగింది. కంగారుగా లాగేసరికి టార్చ్ వెలిగిపోయింది 🤦 రెండు చక్రాలు టక్కున ఆగాయి, రాత్రిపూట వెలుగు పడితే వాటి ఒంట్లో గడియారం కదిలిపోతుంది, ఆ ర్యాక్‌ని ఇంక ప్రయోగం లెక్కలోంచి తీసేయాల్సిందే.

మెలనాప్సిన్ (వెలుగుని పసిగట్టే ప్రోటీన్) ఉన్న కంటి కణాలకి బొమ్మలతో పెద్ద పనిలేదు, వెలుగుందా లేదా అన్నదే కావాలి, నేరుగా ఎస్‌సీఎన్‌కి, అంటే మెదడులో ఉండే ఒంటి గడియారానికి, కబురు పంపేస్తాయి, అక్కడున్నవి ఓ 20,000 న్యూరాన్లే గానీ ఒళ్లంతటికీ టైమ్ చెప్పేది అవే. రాత్రిపూట ఓ పావుగంట లైట్ వేస్తే చాలు, గంట తిరిగేసరికి ఆ గడియారాన్ని నడిపే జీన్లలో ఒకటైన పర్1 ఆర్‌ఎన్‌ఏ అక్కడ జుయ్యిమని పెరిగిపోతుంది, దాని జోడీ జీన్ పర్2 కాస్త తీరిగ్గా వస్తుంది. అదే లైట్ పట్టపగలు వేస్తే ఉలుకూ పలుకూ ఉండదు! రాత్రి మొదట్లో పడితే గడియారం వెనక్కి, తెల్లారబోయే ముందు పడితే ముందుకి.

ఫోన్ చేసింది అమ్మ, అక్కడ మధ్యాహ్నం కదా మరి. "ఇంకా పడుకోలేదా నాన్నా" అంటుంది.

రూమ్‌కొచ్చి నాలుగింటిదాకా మంచం మీద రీల్స్ చూశా.