ఆ మాత్రలు ఎవరు మింగారు?

"నదుల్ని పాడు చేసేది మీ దేశపు మందుల ఫ్యాక్టరీలే కదా" అన్నాడు ల్యాబ్ మీటింగ్‌లో ఒక సీనియర్ సహోద్యోగి, నా వైపు తిరిగి. అప్పుడు మేం చూస్తున్నది స్వీడన్‌లోనే ఒక ఊరి మురుగునీటి ఫలితం. ఆ ఊళ్లో మందుల ఫ్యాక్టరీ లేదు. వెంటనే నోరు పెగల్లేదు. ఆ మాట ఇంకా లోపల మెదులుతూనే ఉంది.

అందులో నిజం లేకపోతే ఇంత బాధ ఉండేది కాదు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే శుద్ధి కేంద్రం ఉండేది. అక్కడ శుద్ధి చేసి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులే బయటపెట్టారు. కొన్ని బాక్టీరియాకు విషమయ్యే మోతాదుకు అది వెయ్యి రెట్ల పైమాట. ఆ అంకెను నేను కాదనను. కానీ అక్కడ తయారైన ముడిమందుతో చేసిన మాత్రలు ఇక్కడ స్వీడన్‌లోనూ అమ్ముడయ్యాయి. నీళ్లు మాకు మిగిలాయి, మందు వీళ్లకు అందింది. ఆ సంగతి ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు.

ఇక ఈ ఊరి నీళ్ల సంగతి. మింగిన మందులో కొంత మూత్రంలో పోతుంది. నొప్పికి రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ చర్మంలోకి ఇంకేది కొంచెమే, మిగతాది స్నానంలో కొట్టుకుపోతుంది. మామూలు శుద్ధి కేంద్రాలను వీటికోసం కట్టలేదు. మూర్ఛకు వాడే కార్బమజెపిన్ అయితే శుద్ధి కేంద్రం దాటి దాదాపు చెక్కుచెదరకుండా బయటపడుతుంది.

ఆ నీటి విషాన్ని చూడటానికి మేం వాడేది ఏలీవిబ్రియో ఫిషెరి అనే సముద్రపు బాక్టీరియా. దానికి సహజంగానే వెలుగు ఉంటుంది, విషం తగిలితే అది తగ్గుతుంది. పొడిగా నిల్వ ఉంచినదాన్ని నీళ్లు పోసి లేపి, శాంపిల్‌లో ఉప్పు సరిచేసి, 15 డిగ్రీల దగ్గర కలుపుతాం. 15, 30 నిమిషాలకు వెలుగు ఎంత తగ్గిందో కొలుస్తాం. వెలుగు సగానికి పడిపోయే మోతాదే ఈసీ 50. ఈ పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 11348. చవక, త్వరగా అయిపోతుంది, పనికొస్తుంది కూడా.

ఆ రోజు వెలుగు పెద్దగా తగ్గలేదు. "మన నీళ్లు బాగానే ఉన్నాయి" అని పేజీ తిప్పేశారు. నాకు మింగుడు పడనిది అదే. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి బాక్టీరియా డీఎన్‌ఏ పనిని అడ్డుకుంటాయి. ఆ దెబ్బ అరగంటలో కనపడదు, కణాలు పెరిగి విభజన చెందాల్సిన సమయంలో బయటపడుతుంది. అందుకే 24 గంటల పరీక్ష కావాలి. ఇంకో దారీ ఉంది. ఈ.కోలై అనే బాక్టీరియాలో రెక్‌ఏ ప్రమోటర్ (డీఎన్‌ఏ దెబ్బతింటే ఆన్ అయ్యే జన్యు స్విచ్) వెనక వెలుగు జన్యువులు పెట్టిన రకం ఒకటుంది. డీఎన్‌ఏ దెబ్బతింటే దాని వెలుగు తగ్గదు, పెరుగుతుంది. ఈ రెండూ చేయకుండా, అరగంట లెక్కతో యాంటీబయాటిక్ విషం లేదని ఎలా అంటాం?

పటాన్‌చెరు నీళ్లనైతే ఎవరూ అరగంట చూసి వదిలేయలేదు. ఒక్కో మందునూ వెతికి కొలిచారు, మంచిపని చేశారు. ఇక్కడి నీళ్లకూ ఆ పట్టుదలే కావాలి. ఆ శాంపిల్‌కు 24 గంటల పరీక్ష, రెక్‌ఏ పరీక్ష రెండూ చేయాలని, అవి రాకుండా రిపోర్టు మీద సంతకం పెట్టనని మెయిల్ పెట్టాను.