బాలింత తిమింగలం

మా అమ్మకి సముద్రం కొత్త కాదు, కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి. పడవ ఎక్కడమంటే మాత్రం భయం. బోస్టన్‌లో తిమింగలాలు చూపించే బోటుకి టికెట్లు తీశానని చెప్పగానే "నన్నొదిలెయ్యవే, మీరు వెళ్ళి రండి, నేను వంట చేసి ఉంచుతాను" అంది. బతిమాలి తీసుకెళ్ళాను. ఊరి నుంచి తెచ్చుకున్న అల్లం మొరబ్బా ముక్క బుగ్గన పెట్టుకుని, రెయిలింగ్ పట్టుకుని కూర్చుంది, దారి పొడుగునా ఒక్క మాట లేదు. జులై నెలే కానీ ఒడ్డు దాటాక గాలి చలిగా కొడుతుంది, వెళ్ళేవాళ్ళు స్వెట్టర్లు మర్చిపోకండి.

గంట పైనే ప్రయాణం చేస్తే స్టెల్‌వాగన్ బ్యాంక్ వస్తుంది. కేప్ కాడ్, కేప్ ఆన్ అనే రెండు భూశిరాల మధ్య సముద్రం అడుగున ఉన్న పెద్ద ఇసుక మెరక అది. లోతులోని చల్లటి నీళ్ళు ఆ మెరకకి తగిలి పైకి లేస్తాయి, వాటితో పాటు పోషకాలు, వాటి కోసం చిన్న చేపలు, ఆ చేపల కోసం తిమింగలాలు. 1992 నుంచి రక్షిత ప్రాంతం.

"పదకొండు గంటల దిక్కున!" అని మైకులో అరిచారు. అమ్మ వాచీ చూసుకుంది. బోటు ముక్కుని పన్నెండు అనుకుంటే దానికి కాస్త ఎడమకి అని చెప్పేలోపే చప్పుడు వినిపించింది, బస్సు ఎయిర్ బ్రేకు వదిలినట్టు, కానీ ఇంకా లోతుగా, ఇంకా నిదానంగా. అది తిమింగలం ఊపిరి. ఆ తుంపర గాలికి మా మీదకి వచ్చింది, కుళ్ళిన చేపల వాసన. ఎవరూ ముక్కు మూసుకోలేదు.

రెండు ఉన్నాయి, హంప్‌బ్యాక్ జాతి తిమింగలాలు, తల్లీ పిల్లా. తల్లి మా బోటు పక్కగా వచ్చినప్పుడు దాని తెల్లటి రెక్క నీళ్ళ కింద లేతాకుపచ్చగా మెరిసింది, పదిహేను అడుగులు ఉంటుందట ఆ రెక్క ఒక్కటే. పిల్ల ఊరికే దొర్లుతోంది, మళ్ళీ తల్లి పక్కకి చేరుతోంది. ఇవి చలికాలం కరీబియన్ సముద్రంలో ఉంటాయి, అక్కడే ఈనతాయి. కానీ ఆ వెచ్చటి నీళ్ళలో వీటికి తిండి దాదాపు ఉండదు, తల్లి నెలల తరబడి ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూనే పాలిచ్చి, పిల్లని వెంటబెట్టుకుని ఇంత దూరం తిండి కోసం ఈదుకొస్తుంది. ఇది అమ్మకి తెలుగులో చెప్పాను. అంతసేపూ పలకని మనిషి "పచ్చి బాలింత, ఏమీ తినకుండానా!" అని లేచి నిలబడింది. ఇక కూర్చోలేదు.

అది మునిగేటప్పుడు తోక ఎత్తింది. తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు ఏ రెండిటికీ ఒకలా ఉండవు, వాటిని బట్టే ఒక్కోదాన్ని గుర్తుపట్టి పేర్లు పెడతారు. సాల్ట్ అనే ఆడ తిమింగలాన్ని 1970ల నుంచీ గుర్తుపడుతున్నారు, దాని పిల్లల్నీ, వాటి పిల్లల్నీ కూడా. నాకు ఇది అన్నిటికంటే నచ్చింది. లెక్కలో సంఖ్యలా కాకుండా, వీధిలో మనుషుల్లా, ఫలానా దాని కూతురు అని చెప్పుకోవడం.

ఈ తల్లి తోక మొదలు దగ్గర తెల్లటి గీతలు కోసుకుపోయి ఉన్నాయి. చేపల వలల తాడు చుట్టుకున్న మచ్చలు. ఇక్కడి హంప్‌బ్యాక్‌లలో సగానికి పైగా వాటి ఒంటి మీద అలాంటి మచ్చలున్నాయట, విని చాలా బాధేసింది. ఓడలు గుద్దుకోవడం ఇంకో గండం. తిమింగలాలు ఎక్కువగా తిరిగే చోటు తప్పించడానికి 2007లో బోస్టన్‌కి వచ్చే ఓడల దారినే కొంచెం జరిపారు. ఓడల దారి మార్చగలిగినవాళ్ళం తాళ్ళ సంగతీ చూడగలం, చూడాలి. మేం ఇంజను ఆపి నిలబడి ఉంటే ఒక సొంత స్పీడ్ బోటు తల్లీ పిల్లల మీదకి దూసుకొచ్చింది, నాకు ఒళ్ళు మండిపోయింది. దయచేసి అలా చెయ్యకండి.

అవి మునిగిన చోట నీళ్ళు నున్నగా, నూనె పోసినట్టు గుండ్రంగా చాలాసేపు ఉండిపోయాయి. అమ్మ దాన్నే చూస్తూ నిలబడింది.

రాత్రి పిన్నికి ఫోన్ చేసింది. బోటు గురించీ చలి గురించీ ఏమీ చెప్పలేదు. "పిల్ల బాగా పాలు తాగుతున్నట్టే ఉందే, ఒళ్ళు చేసి ఉంది. తల్లే, పాపం, కాస్త కోలుకోవాలి" అంటోంది.