మల్టీమీటర్ పక్కన పెట్టుకుని విన్న చిన్న యాంప్‌లు

నా బల్ల మీద కొంతకాలంగా నాలుగు హెడ్‌ఫోన్ యాంప్ పెట్టెలు పక్కపక్కనే ఉంటున్నాయి. మొదటిది ఆబ్జెక్టివ్2. వాడేవాళ్లు ముద్దుగా ఓ2 అంటారు. ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసే ఇంజనీరు ఒకాయన 2011లో ఈ సర్క్యూట్‌ను కొలతలతో సహా అందరి ముందూ పెట్టారు. 2012లో అసలు పేరు చెప్పకుండానే రాయడం ఆపేశారు. రెండోది డాక్ (డిజిటల్ పాటను విద్యుత్ తరంగంగా మార్చేది), యాంప్ ఒకే డబ్బాలో ఉన్న ట్రాన్సిస్టర్ పెట్టె. మూడోది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ యాంప్. నాలుగోది ఫోన్‌కి తగిలించే వేలెడంత డాంగిల్. వీటికి తోడు విడిగా ఒక చిన్న డాక్. హెడ్‌ఫోన్‌లలో రోజూ చెవులకెక్కేది సెన్‌హైజర్ హెచ్‌డీ 650. మొండిఘటం, అంటే మోగడానికి చాలా శక్తి అడిగేది, హైఫైమాన్ హెచ్‌ఈ-6 అనే ప్లేనార్ (పలుచని పొర మొత్తం కదిలే రకం). మరీ సున్నితమైనది ఒక బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ (లోపల చిన్న లోహపు నాలుక కదిలే రకం) ఇయర్‌ఫోన్.

ఏది ఎలా వినిపించిందో చెప్పేముందు ఎలా విన్నానో చెప్పాలి. రెండు యాంప్‌లలో ఒకటి కాస్త గట్టిగా మోగితే చాలు, మన చెవి దాన్నే మంచిదంటుంది. తేడా డెసిబెల్‌లోపే ఉంటే గట్టిగా ఉందని కూడా తోచదు. బేస్ నిండుగా ఉందనిపిస్తుంది, గొంతు దగ్గరగా ఉందనిపిస్తుంది. అందుకని 300 హెర్ట్జ్ సైన్ టోన్‌ను పూర్తి స్థాయిలో మోగించి, హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, జాక్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూస్తాను. చవక మీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర తప్పు చూపిస్తాయి, 300 దగ్గర నమ్మొచ్చు. ఒకదాన్ని 300 మిల్లీవోల్టుల దగ్గర పెడితే రెండోది 297కీ 303కీ మధ్య ఉండాలి. అప్పుడు తేడా 0.1 డెసిబెల్‌లోపు ఉన్నట్టు. ఆ తర్వాత స్విచ్ మా చెల్లెలి చేతికిస్తాను. తను నాకు వెనక కూర్చుని తిప్పుతుంది, ఏది ఎప్పుడు పెట్టిందో నోటు పుస్తకంలో రాస్తుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లయినా సరిగ్గా చెబితే తప్ప విన్నట్టు లెక్కకాదని మా నియమం. గుడ్డిగా చెబితే అంత బాగా తగలడానికి ఉన్న అవకాశం నూటికి ఒకటే. రెండు డాక్‌లను పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఒక్కో డాక్ శబ్దాన్ని ఒక్కోలా ఆలస్యం చేస్తుంది కాబట్టి స్విచ్ తిప్పగానే పాట తడబడుతుంది, ఆ తడబాటే ఆచూకీ ఇచ్చేస్తుంది. అందుకే తిప్పిన ప్రతిసారీ తను ఒక క్షణం మ్యూట్ చేస్తుంది.

ఇలా విన్నప్పుడు హెచ్‌డీ 650 మీద ఓ2కీ, ట్రాన్సిస్టర్ డబ్బాకీ, డాంగిల్‌కీ మధ్య నాకు తేడా దొరకలేదు. ఒక్కటి కూడా. తంబూర మీటు ఎంతసేపు నిలుస్తుందో విన్నాను, ఘటం మీద వేలి దెబ్బ ఎంత పదునుగా తెగుతుందో విన్నాను, ఒక గాయని 'స', 'ష'లు పలికేచోట గీర ఉందేమోనని మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి విన్నాను. స్విచ్ తిరిగిందో లేదో కూడా చెప్పలేని సందర్భాలే ఎక్కువ. ఇది చప్పని ఫలితమని చాలామందికి అనిపించవచ్చు. నాకు మాత్రం ఎంతో ఆనందం కలిగింది. వేలెడంత ముక్క అంత శుభ్రంగా పాడుతుంటే ఇంజనీర్ల పనికి దండం పెట్టాలనిపించింది.

ట్యూబ్ యాంప్ దగ్గర కథ వేరు. దాన్ని ప్రతిసారీ గుర్తుపట్టాను, చెల్లెలూ గుర్తుపట్టింది. మృదంగం ఎడమ వైపు, అంటే తొప్పి, మరింత గుండ్రంగా మోగుతుంది. మగ గొంతుకి ఛాతీ వస్తుంది. దీన్ని 'ట్యూబ్ మాధుర్యం' అని వదిలేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే కారణం లెక్కలో దొరుకుతుంది. ఈ తరహా యాంప్‌ల అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే కరెంటుకి యాంప్ లోపలే ఎదురయ్యే నిరోధం, ఎక్కువ, 120 ఓమ్‌లు అనుకుందాం. హెచ్‌డీ 650 పేరుకి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్, కానీ దాని డయాఫ్రమ్ (శబ్దం చేసే పలుచని పొర) సహజంగా ఊగే 90 హెర్ట్జ్ చుట్టుపక్కల ఇంపీడెన్స్ 500 దాకా ఎక్కుతుంది. యాంప్ ఇచ్చిన వోల్టేజీ ఈ రెండింటి మధ్యా పంచుకోబడుతుంది కదా. మధ్య స్థాయి స్వరాల దగ్గర హెడ్‌ఫోన్‌కి 420లో 300 వంతులు, అంటే 71 శాతం అందుతుంది. 90 హెర్ట్జ్ దగ్గర 620లో 500 వంతులు, అంటే 81 శాతం. తేడా ఒక డెసిబెల్ పైచిలుకు. సరిగ్గా తొప్పి మోగేచోట ఒక డెసిబెల్ బేస్! ఓ2 అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అర ఓమ్ కాబట్టి అక్కడ ఈ పంపకమే ఉండదు. డిస్టార్షన్ వాటా కూడా కొంత ఉండొచ్చు గాని, డాంగిల్ మీద ఈక్వలైజర్‌తో 90 దగ్గర ఒక డెసిబెల్ వెడల్పుగా పెంచి చూస్తే ట్యూబ్ యాంప్‌కి చాలా దగ్గరగా వచ్చింది.

ఇదే యాంప్‌ని ప్లేనార్ హెడ్‌ఫోన్‌కి పెడితే ఈ రంగు పోతుంది, ఎందుకంటే ప్లేనార్ ఇంపీడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా దాదాపు ఒకటే. శక్తి కూడా చాలక డొల్లగా మోగుతుంది. ఆర్మేచర్ ఇయర్‌ఫోన్‌కి పెట్టడం మరీ అన్యాయం. కొన్నింటి ఇంపీడెన్స్ ఒకచోట పదుల ఓమ్‌లు, మరోచోట నాలుగైదు ఓమ్‌లు. దానికి ముందు పెద్ద నిరోధం పెడితే ఆ ఇయర్‌ఫోన్ తయారుచేసినవాళ్లు అనుకున్న స్వరూపమే ఉండదు. హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించి యాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఉండకూడదని ఎన్‌డబ్ల్యూఏవీగై గట్టిగా ప్రచారం చేసిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. పాత పరికరాల్లో 120 ఓమ్‌లు ఎందుకు కనిపిస్తాయంటే, అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ 1996లో తెచ్చిన 61938 ప్రమాణం సూచించింది అదే.

చెవికి నిజంగా తెలిసే రెండో విషయం నిశ్శబ్దం. హెచ్‌డీ 650తో అన్నీ నిశ్శబ్దమే. ఇయర్‌ఫోన్ పెట్టగానే ఒక డబ్బా సుయ్‌మంటుంది. నాబ్ సున్నాకి తిప్పినా ఆ సుయ్‌మనడం తగ్గకపోతే అది వాల్యూమ్ తర్వాతి దశ నుంచి వస్తున్నట్టు, నాబ్‌తో పాటు పెరిగితే డాక్ నుంచో ముందు దశ నుంచో వస్తున్నట్టు. కొనేముందు నేను మొదట చూసేది ఇదే, పాట పెట్టకుండా. ఇంకో రకం రొద ఉంది. మౌస్ కదిపితే చిర్రుచిర్రుమనడం, ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టగానే గుయ్‌మనడం. నా విడి డాక్‌ను యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కీ, మరో వైపు గ్రౌండ్ పిన్ ఉన్న యాంప్‌కీ కలిపితే ఇది వచ్చేది. చార్జర్ పీకితే పోయేది. గ్రౌండ్ రెండు దారుల్లో కలిసిపోవడం దీనికి మూలం. ఆప్టికల్ కేబుల్‌తో కలిపాను, అందులో వెళ్లేది వెలుగే గాని కరెంటు కాదు. రొద అక్కడితో సరి. ఖరీదైన యూఎస్‌బీ కేబుళ్ల గురించి అడిగేవాళ్లందరికీ ముందు ఆప్టికల్ ప్రయత్నించమంటాను.

వాట్ల సంగతి. పైన చెప్పిన 0.3 వోల్టులు 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లో ఖర్చుపెట్టే శక్తి 0.3 మిల్లీవాట్. హెచ్‌డీ 650 ఒక వోల్టుకి 103 డెసిబెల్స్ ఇస్తుంది కాబట్టి, పాట సగటు స్థాయి శిఖరాల కంటే ఎంతో కింద ఉన్నా, హాయిగా వినడానికి ఇంతే చాలు. 2 వోల్టులిస్తే శిఖరాలు 109 డెసిబెల్స్‌కి చేరతాయి, ఖర్చు 13 మిల్లీవాట్లు. హెచ్‌ఈ-6 మిల్లీవాట్‌కి 83.5 మాత్రమే. అదే 109 కావాలంటే సుమారు 350 మిల్లీవాట్లు, 50 ఓమ్‌లలోకి 4 వోల్టుల పైన ఇవ్వాలి. డాంగిల్ అక్కడ చేతులెత్తేసింది. గొంతు ఫర్వాలేదు గాని, తవిల్ తనిలో దెబ్బ పడినచోటల్లా శబ్దం నలిగి గరగరలాడింది. ట్రాన్సిస్టర్ డబ్బా అదే దెబ్బను నిలబెట్టి మోగించింది. 'యాంప్ మారిస్తే హెడ్‌ఫోన్ విచ్చుకుంది' అని రాసేవాళ్ల మాట ఇలాంటి హెడ్‌ఫోన్‌ల విషయంలో నూటికి నూరుపాళ్లూ నిజం.

నాబ్ గురించి ఎవరూ రాయరు, నాకు మాత్రం అది ముఖ్యం. రాత్రుళ్లు చాలా తక్కువ శబ్దంతో వింటాను. మామూలు పొటెన్షియోమీటర్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం) మొదటి కొసలో ఎడమ, కుడి సమంగా ఉండవు, గాయని ఒక పక్కకి జరిగిపోతుంది. గెయిన్‌ను, అంటే యాంప్ సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో దాన్ని, తక్కువ మీటకి మార్చి నాబ్‌ను మధ్యదాకా తేవడమే దీనికి మందు. ఓ2లో మామూలుగా 2.5 రెట్లు, 6.5 రెట్లు ఉంటాయి. హెచ్‌డీ 650కి 2.5 చాలు. కంప్యూటర్‌లో వాల్యూమ్ తగ్గిస్తే నాణ్యత పోతుందన్న భయం 24 బిట్ల డాక్ ఉంటే అక్కర్లేదు. బిట్‌కి 6 డెసిబెల్స్ లెక్కన, 16 బిట్ల పాటకి 48 డెసిబెల్స్ ఖాళీ ఉంటుంది.

డాక్ చిప్‌ల స్వభావాల గురించి చెప్పడానికి నాకు పెద్దగా ఏమీ లేదు. జపాన్‌లోని నొబెయోకాలో ఏకేఎం చిప్‌ల కర్మాగారం 2020 అక్టోబర్‌లో తగలబడ్డాక చాలా కంపెనీలు ఈఎస్‌ఎస్ అనే మరో కంపెనీ చిప్‌లకు మారాయి. నా దగ్గర ఆ రెండు జాతులూ ఉన్నాయి. వోల్టేజీ సమం చేశాక విడదీయలేకపోయాను. డాక్‌లో పై ఫ్రీక్వెన్సీలను కోసే ఫిల్టర్‌ను మార్చే మీటలు కూడా అంతే. నెమ్మదిగా దిగే ఫిల్టర్ సీడీ స్థాయిలో, అంటే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర, 20 కిలోహెర్ట్జ్‌కి ముందే కొంచెం వాలుతుంది. నాకు 16 దాటితే వినపడదు. చిన్నవయసువాళ్లు ప్రయత్నించి చెప్పాలి.

ఇక బ్యాలెన్స్‌డ్ జాక్, అంటే ఎడమ, కుడి చెవులకు వేర్వేరు జతల తీగలతో సిగ్నల్ పంపేది. 4.4 మిల్లీమీటర్ల జాక్‌కి మార్చగానే వేదిక వెడల్పయిందని చాలామంది అంటారు. మార్చగానే వోల్టేజీ సాధారణంగా రెట్టింపవుతుంది, అంటే 6 డెసిబెల్స్ గట్టిగా మోగుతుంది. మీటర్‌తో ఆ 6 తగ్గించి హెచ్‌డీ 650 మీద విన్నాం. చెల్లెలి పుస్తకంలో నా జవాబులు సగం తప్పు, సగం ఒప్పు. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ కూడా రెట్టింపవుతుంది కాబట్టి ఆర్మేచర్ ఇయర్‌ఫోన్‌ని అటు పెట్టను. హెచ్‌ఈ-6 మాత్రం ఎప్పుడూ ఆ జాక్‌లోనే ఉంటుంది, దానికి ఆ వోల్టులు కావాలి. మీ దగ్గర అలాంటి హెడ్‌ఫోన్ ఉంటే 4.4 ఉన్న పెట్టె చూసుకోండి, లేకపోతే పాత 6.35 మిల్లీమీటర్ల మామూలు జాక్ చాలు.