అమ్మ, ఆ పాత జెండా

వేసవి సెలవుల్లో వాషింగ్టన్ వెళ్ళినప్పుడు ఒక రోజు మొత్తం నేషనల్ మ్యూజియం ఆఫ్ అమెరికన్ హిస్టరీకే అట్టేపెట్టుకున్నాం. అమ్మ ముందు రోజు రాత్రే తేల్చేసింది. "మీరెళ్ళి చూసి రండ్రా. వాళ్ళ చరిత్ర నాకేం తెలుస్తుంది? నేను రూములో కాస్త నడుం వాలుస్తా." బతిమాలి బయల్దేరదీశాం.

నేనేమో గంటల లెక్కన ప్లాన్ రాసుకున్నా. జెండాకి ఇరవై నిమిషాలు, రైళ్ళకి అరగంట, ఇలాగ. ఆ కాగితం మొదటి గదిలోనే ఎందుకూ పనికిరాకుండా పోయింది.

నేషనల్ మాల్ అంటే షాపింగ్ మాల్ కాదు, ఊరి మధ్యలో ఉన్న పొడవాటి పచ్చిక మైదానం. అటువైపు నుంచి లోపలికెళ్తే వాళ్ళ లెక్కలో రెండో అంతస్తులో ఉంటాం. జెండా గది అక్కడే. లోపలంతా మసక చీకటి, కళ్ళు అలవాటు పడ్డానికి కాసేపు పట్టింది. గాజుకి అవతల, కొంచెం ఏటవాలుగా ఉన్న బల్ల మీద పరిచి ఉంది జెండా. వెలుతురు తగిలితే ఆ పాత ఉన్ని గుడ్డ ఇంకా పాడవుతుందట, అందుకే ఆ చీకటి. ఫొటోలు కూడా తియ్యనివ్వరు. 1814 సెప్టెంబర్‌లో బ్రిటిష్ నౌకలు బాల్టిమోర్‌లోని ఫోర్ట్ మెక్‌హెన్రీ మీద 25 గంటలు బాంబులు కురిపించాక, తెల్లారి ఆ కోట మీద ఎగిరిన జెండా ఇదే. దాన్ని చూసి ఫ్రాన్సిస్ స్కాట్ కీ రాసిన పాటే 1931లో వాళ్ళ జాతీయగీతం అయింది.

మావాడు నక్షత్రాలు లెక్కపెట్టి, "పదిహేనన్నారు, పద్నాలుగే ఉన్నాయి" అన్నాడు. నిజమే. ఒకటి కత్తిరించేశారు. 42 అడుగుల పొడవుండాల్సిన జెండా ఇప్పుడు 34 అడుగులే. చెదలూ కాదు, ఎలుకలూ కాదు. కోట సేనాని ఆర్మిస్టెడ్ కుటుంబం దగ్గర చాలా ఏళ్ళు ఉందిది. వాళ్ళు కావలసినవాళ్ళకి ప్రసాదం పంచినట్టు తలా ఓ ముక్క ఇచ్చుకుంటూ వచ్చారు.

అమ్మకి యుద్ధం గొడవ పట్టలేదు. ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టిన మనిషి, ఆవిడ చూపంతా గుడ్డ మీదే. "మిషన్లు లేని రోజుల్లో ఇంత గుడ్డ ఎక్కడ పరుచుకుని కుట్టార్రా?" అనడిగింది. మా అమ్మాయి ఫోన్‌లో చూసి చెప్పింది. 1813లో మేరీ పికర్స్‌గిల్ అనే ఆవిడ కుట్టిందట. ఇంట్లో చోటు చాలక, దగ్గర్లో బీరు తయారుచేసే చోట నేల మీద పరుచుకున్నారు. కూతురు, మేనకోడళ్ళు, వాళ్ళింట్లో ఒప్పందం మీద పనిచేసే గ్రేస్ విషర్ అనే నల్లజాతి పిల్ల సాయం చేశారు. ఆ పిల్లకి పదమూడేళ్ళట.

"అంటే నా అంత" అంది మా అమ్మాయి.

1914లో జెండా చిరిగిపోకుండా వెనక నార గుడ్డ వేసి, 17 లక్షల కుట్లతో పట్టి ఉంచారు. 1990ల చివర్లో మొదలైన మరమ్మతులో ఆ కుట్లన్నీ విప్పారు. ఈ మాట చెప్పగానే అమ్మ "అయ్యో" అంది. "కుట్టడం కన్నా విప్పడం కష్టంరా. పాత గుడ్డయితే దారంతో పాటే ఊడొచ్చేస్తుంది." ఇరవై నిమిషాలనుకున్న చోట గంట గడిచింది.

అదే అంతస్తులో నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరో అనే ఊరి లంచ్ కౌంటర్ ముక్క ఒకటుంది. నాలుగు స్టూళ్ళు, వెనక అద్దం. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్ళకి మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చున్నారు. మీకు వడ్డించం అని చెప్పినా లేవలేదు. మర్నాడు ఇంకొంతమంది వచ్చారు. అలా జూలై 25 దాకా నడిచింది. అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "ఆర్నెల్లు" అంది. ఇంకేం అనలేదు.

కింద రైళ్ళ దగ్గర మావాడు పదినిమిషాలు కనిపించకుండా పోయి మాకు టెన్షన్ పెట్టాడు. పచ్చరంగు 1401 ఇంజన్ పక్కన, తలెత్తి నోరు తెరిచి నిలబడి ఉండగా మా ఆవిడ పట్టుకుంది. ప్రెసిడెంట్ల భార్యల గౌన్ల గదికి మా అమ్మాయి లాక్కెళ్ళింది. నాకైతే అక్కడ ఒక గౌనుకీ ఇంకోదానికీ తేడా తెలియలేదు.

జూలియా చైల్డ్ వంటిల్లు చూస్తే మాత్రం సరదా వేసింది. టీవీలో వంటలు నేర్పిన ఆవిడ. మసాచుసెట్స్‌లోని ఇంట్లోంచి వంటిల్లు మొత్తం, గరిటెలతో సహా తెచ్చి ఇక్కడ పెట్టారు. గోడకి ఏ గిన్నె ఎక్కడ తగిలించాలో దాని ఆకారం గీతగీసి ఉంది. గీసింది వాళ్ళాయన. ఆవిడ ఆరడుగుల పైనే పొడుగు, అందుకని వంటగట్టు మామూలు కన్నా రెండంగుళాలు ఎత్తుగా కట్టించుకుంది. అమ్మ చేత్తో తన నడుం దగ్గర కొలత పట్టుకుని, "మన గట్టు కట్టించేటప్పుడు మీ నాన్న మేస్త్రీనడిగారు గానీ నన్నడగలేదు" అంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఆ పక్కనున్న బోర్డు చదవడం మొదలుపెట్టాను.

సాయంత్రం ఐదున్నరకి మూసేస్తారు. ఇంకో ఇరవై నిమిషాలుందనగా మేమంతా కాళ్ళు పీకి బెంచీ మీద కూలబడ్డాం. అమ్మ లేచి, మనవరాలి చెయ్యి పట్టుకుని మళ్ళీ ఆ జెండా గదికి వెళ్ళింది. తిరిగొచ్చాక చెప్పులు సర్దుకుంటూ అడిగింది.

"ఆ పిల్ల పేరేంటన్నావే?"

"గ్రేస్, నానమ్మా. గ్రేస్ విషర్."

"గ్రేసు" అని తనలో తను అనుకుని, పదండి అంది.