పంటి నొప్పికి సుకుమారం అంటగట్టకండి

సెలవులకి వచ్చిన పిల్లలు నొప్పి అనగానే మన కోనసీమ ఇళ్లల్లో ముందు వినపడే మాట, "అమెరికా పిల్లలు కదా, సుకుమారం". ప్రేమతోనే అంటారు. పంటి నొప్పి దగ్గర మాత్రం ఆ మాట నేను ఒప్పుకోను.

ఈసారి అమలాపురంలోని పుట్టింటికి వెళ్తూ రావులపాలెం సెంటర్లో ఆగాం. మా తొమ్మిదేళ్లవాడు చల్లటి గోళీసోడా ఒక్క గుక్క తాగి చెంప పట్టుకున్నాడు. ఆరేళ్లప్పుడు వచ్చిన దవడ పన్ను పుచ్చింది. ఆ రాత్రి నిద్ర లేదు. "మేం ఎన్ని ఓర్చుకోలేదు, ఓర్చుకోరా అల్లుడూ" అన్నాడు మా తమ్ముడు. ఓర్పు మంచిదే. కానీ మేముండే అమెరికాలో, నొప్పి ఉంటే దాచకుండా చెప్పమని వాడికి నేర్పాం. ఇక్కడ నోరు మూయిస్తే రేపు ఇంకేం జరిగినా చెప్పడు.

తమ్ముణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. పంటి లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి గుజ్జు ఉంటుంది. దెబ్బ తగిలిన వేలు వాస్తే చర్మం సాగుతుంది. ఈ గుజ్జు వాస్తే చుట్టూ గట్టి పన్ను, సాగే చోటే లేదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. పైగా వాపులో పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్ లాంటి రసాయనాలు నరాల కొసల్ని రెచ్చగొడతాయి. నిన్నటిదాకా పట్టించుకోని కాస్త చల్లదనానికే అవి ఇప్పుడు నొప్పి కబురు పంపుతాయి. పడుకుంటే తలలో రక్తపు ఒత్తిడి పెరిగి, గుండె కొట్టుకున్నప్పుడల్లా పన్ను సలుపుతుంది. ఒక్కోసారి చెవి దాకా లాగుతుంది. అలాంటి పంటితో ఎవరున్నా అలాగే ఏడుస్తారు.

అమ్మ ఇవేమీ వినకుండానే వాడి తలకింద రెండు దిళ్లు ఎత్తుగా పెట్టింది. దూదిమీద లవంగ నూనె చుక్క వేసి పంటికి ఆనించింది. లవంగంలోని యూజెనాల్ నరాన్ని కాస్త మొద్దుబారుస్తుంది కూడా. నొప్పి మాత్ర చిగురు మీద పెడదామన్న పక్కింటావిడని మాత్రం ఆపాను, చిగురు కాలుతుంది.

పొద్దున డాక్టరుగారు మత్తు సూది రెండుసార్లు ఇవ్వాల్సొచ్చింది. వాచిన పంటికి మత్తు ఒక పట్టాన ఎక్కదని ఆయన చెప్పాక తమ్ముడు వాడి చెయ్యి వదల్లేదు.

పిల్లలతో ఊరొచ్చేవాళ్లు ఇది చూసుకోండి. చల్లటిది తీసెయ్యగానే నొప్పి పోతే చాలాసార్లు ఫిల్లింగ్‌తో సరిపోతుంది. తీసేశాక కూడా చాలాసేపు లాగినా, అర్ధరాత్రి దానంతటదే లేపినా తిరుగు ఫ్లైట్ దాకా ఆగొద్దు. నొప్పి ఉన్నట్టుండి మాయమైనా డాక్టరుకి చూపించండి, లోపలి గుజ్జు చచ్చిపోయి ఉండొచ్చు.