రొద్రీగో కొడుకులు ఎంతమంది?

మన వరంగల్ దిక్కు ఇద్దరి ఇంటిపేరు ఒకటైతే చాలు, "ఏ ఊరోళ్లు? మన పాలోళ్లేనా?" అని ఆరా తీస్తరు. స్పెయిన్‌లో ఇద్దరు రొద్రీగెస్‌లు ఎదురుపడితే ఆ ఆరా దండుగ.

అసలు పేరు రొద్రీగో. ఐబీరియాను, అంటే ఇప్పటి స్పెయిన్, పోర్చుగల్‌లను ఏలిన విసిగోతులనే జర్మానిక్ తెగది. జర్మానిక్ మూలంలో కీర్తి, ఏలిక అనే రెండు ముక్కలు కలిసి ఏర్పడింది. ఆ పేరున్న వాళ్ల రాజు 711లో ఆఫ్రికా నుంచి దాటొచ్చిన సైన్యం చేతిలో ఓడిపోయాడు. రాజ్యం పోయినా పేరు మిగిలింది.

చివర 'ఎస్' (ez) చేరితే ఫలానావాడి కొడుకని అర్థం. అందుకే మొదట్లో అది తరానికోసారి మారేది. వాలెన్సియా గెలిచిన స్పెయిన్ యోధుడు ఎల్ సిద్ వంశమే చూడండి: తాత లాయిన్, తండ్రి దియేగో లాయినెస్, తాను రొద్రీగో దియాస్, కొడుకు దియేగో రొద్రీగెస్. ఇంటిల్లిపాదికీ కలిసే ఇంటిపేరే లేదు! దియేగో అన్న పేరు మాత్రం తాత నుంచి మనవడికి వచ్చింది. ఎల్ సిద్ 1099లో పోయేనాటికి హన్మకొండలో రెండో బేతరాజు ఏలుబడి. కాకతీయుల వరుసా అంతే: బేత, ప్రోల, మళ్లీ బేత, మళ్లీ ప్రోల.

తర్వాతి శతాబ్దాల్లో ఏ ఇంట్లో అప్పుడున్న పేరు ఆ ఇంటికి అతుక్కుపోయింది. రొద్రీగోలు ఊరూరా ఉన్నారు కాబట్టి రొద్రీగెస్‌లూ ఊరూరా పుట్టారు, ఎవరికి వారే. 1563లో క్యాథలిక్కుల ట్రెంట్ మహాసభ చర్చిల్లో బాప్తిస్మం, పెళ్లి పుస్తకాలు తప్పనిసరి చేశాక మార్చుకోవడం కష్టమైంది.

గోవాకు ఇదే పేరు పోర్చుగీసు రూపంలో వచ్చింది, రొడ్రిగ్స్‌గా. ఇంగ్లీషు స్పెల్లింగులో చివరి అక్షరం జెడ్ అయితే స్పెయిన్ దారి, ఎస్ అయితే పోర్చుగల్ దారి. బాప్తిస్మమప్పుడు స్థానికులకు పాద్రి పేరో జ్ఞానతండ్రి పేరో తగిలించేవాళ్లు కాబట్టి, పేరు చూసి పోర్చుగీసు రక్తం అంటగట్టొద్దు.

మన పేపర్లు రాసే 'రోడ్రిగ్వెజ్' తప్పు. అక్కడ 'యు' పలకదు, గకారాన్ని నిలబెట్టడానికే ఉంది. చివరి జెడ్ మాడ్రిడ్‌లో 'థ'కు దగ్గర, లాటిన్ అమెరికాలో 'స'.

ఎక్కువమంది బోల్తాపడేది స్పానిష్ వాళ్ల రెండు ఇంటిపేర్ల దగ్గర. మామూలుగా ముందుది తండ్రిది, వెనకది తల్లిది. 2014 ప్రపంచకప్‌లో ఆరు గోల్స్ కొట్టిన కొలంబియా ఆటగాడి పూర్తి పేరు ఖామెస్ దావీద్ రొద్రీగెస్ రూబియో. చివరి మాటే ఇంటిపేరనుకునే ఫారం అతన్ని రూబియోను చేసేస్తుంది. నవలాకారుడు గార్సియా మార్కెస్ పుస్తకాలు కొన్ని లైబ్రరీల్లో 'మా' కింద పెట్టేదీ ఇందుకే, ఉండాల్సింది 'గా' కింద. పాత రికార్డుల్లో మనిషిని పట్టుకోవాలంటే రొద్రీగెస్ ఒక్కటే కొట్టి లాభం లేదు. తల్లి ఇంటిపేరు, బాప్తిస్మమైన చర్చి ఊరు కూడా కావాలి.